అంకెలు మోసుకెళ్ళిన లియొనార్డో

మన తరగతి గుమ్మం మీద 9 రోమన్ పద్ధతిలో రాసి ఉంది. ఎక్స్ అంటే పది. దానికి ఎడమ పక్కన ఐ పెడితే పదిలోంచి ఒకటి తీసెయ్యాలి. ఒకప్పుడు యూరప్ దేశాల్లో ఎంత పెద్ద సంఖ్య అయినా ఇలా అక్షరాలతోనే రాసేవాళ్ళు. అలాంటి చోట పుట్టి, మన దేశపు అంకెలు నేర్చుకుని, అక్కడివాళ్ళకి నేర్పిన లియొనార్డో గురించి రాస్తున్నాను. లెక్కల పుస్తకాల్లో ఈయన పేరు ఫిబొనాచీ అని ఉంటుంది. ఆ పేరు ఆయన పోయిన చాలా కాలానికి వాడుకలోకి వచ్చింది.

లియొనార్డో ఇటలీలోని పీసా పట్నంలో సుమారు 1170లో జన్మించారు. పక్కకి ఒరిగిన గోపురం ఉండేది ఆ ఊళ్ళోనే. దాన్ని కట్టడం 1173లో మొదలుపెట్టారు, అంటే అప్పటికి ఈయన చిన్న పిల్లాడు. తండ్రి పేరు గుల్యెల్మో. ఆయన పీసా వర్తకుల తరఫున సముద్రం అవతల బుగియా రేవులో, సుంకాలు వసూలు చేసే చోట పనిచేసేవారు. ఆ ఊరు ఇప్పటి అల్జీరియా దేశంలో ఉంది. కొడుక్కి లెక్కలు వస్తే పనికొస్తాయని తన దగ్గరికి పిలిపించుకున్నారు. అక్కడే లియొనార్డో ఈ అంకెలు నేర్చుకున్నారు. అవి మన దేశంలో పుట్టి అరబ్బు దేశాల మీదుగా అంత దూరం వెళ్ళాయి.

ఇందులో అంత గొప్ప ఏముంది అనిపిస్తుంది, ఎందుకంటే మనకి ఒకటో తరగతి నుంచీ ఇవే కదా. 388 తీసుకోండి. రోమన్ పద్ధతిలో వందకి సి, యాభైకి ఎల్, పదికి ఎక్స్, ఐదుకి వి, ఒకటికి ఐ. కాబట్టి 388 రాయాలంటే మూడు సీలు, ఒక ఎల్, మూడు ఎక్స్‌లు, ఒక వి, మూడు ఐలు, మొత్తం పదకొండు అక్షరాలు. మనకి మూడు అంకెలు చాలు. అందులో 8 రెండుసార్లు వచ్చింది. మధ్యలోది ఎనభై, చివరిది ఎనిమిది. ఏ అంకె అని చూస్తే చాలదు, ఏ చోట ఉందో కూడా చూడాలి. 505లో పదుల చోట ఏమీ లేదు. ఏమీ లేదు అని చెప్పడానికి కూడా ఒక గుర్తు కావాలి, లేకపోతే 55 అయిపోతుంది. తెలుగు అంకెల్లో ౫౦౫ అని రాసినా అంతే, ఆకారం మారింది గానీ చోట్లు మారలేదు. మన శూన్యాన్ని అరబ్బీలో సిఫ్ర్ అన్నారు. లియొనార్డో లాటిన్‌లో జెఫిరుమ్ అని రాశారు. దాన్నుంచే జీరో వచ్చింది.

మా ఊళ్ళో చదువు రాని పెద్దవాళ్ళు కుంచాలు కొలిచేటప్పుడు గోడ మీద బొగ్గుతో గీతలు పెడతారు. లెక్కపెట్టడానికి గీతలు సరిపోతాయి, గుణించాలంటే మాత్రం చాలా కష్టం. రోమన్ అక్షరాలూ అంతే. అందుకని అక్కడి వర్తకులు గీతలు గీసిన బల్ల మీద బిళ్ళలు జరుపుతూ లెక్క చేసి, జవాబు మాత్రం అక్షరాల్లో రాసుకునేవారు. బిళ్ళలు తీసేశాక ఆ లెక్క ఎలా చేశారో ఏమీ మిగలదు. తప్పు ఎక్కడుందో ఎలా పట్టుకుంటారు? అంకెలతో రాసి చేస్తే మొదటినుంచి చివరిదాకా కనబడుతుంది, ఎదుటివాళ్ళు సరిచూసుకోవచ్చు. సంతలో చింతపండు అమ్మి, షావుకారు నోటితో చెప్పిన లెక్కకి తలూపి వచ్చే మన అమ్మానాన్నలకి ఇది ఎంత పెద్ద సంగతో మీకు తెలుసు.

లియొనార్డో ఈజిప్టు, సిరియా, గ్రీసు, సిసిలీ తిరిగి పీసాకి వచ్చారు. 1202లో లిబెర్ అబాచీ అనే పెద్ద పుస్తకం రాశారు. మొదట్లోనే 9 నుంచి 1 దాకా తొమ్మిది అంకెలు, తర్వాత 0 చూపించి, వీటితో ఏ సంఖ్య అయినా రాయొచ్చని చెప్పారు. అంతకు ముందే కొందరు పండితులు లాటిన్‌లో ఈ అంకెల గురించి రాశారు. కానీ ఈయన మిరియాల ధర, తోళ్ళ ధర, డబ్బు మార్పిడి, భాగస్థుల వాటాలు, ఇలా బజారు లెక్కలన్నీ చేసి చూపించారు. అప్పుడు అచ్చు లేదు, ఎవరికి కావాలంటే వాళ్ళు చేత్తో రాసుకోవాలి, మన గోడపత్రిక లాగే. 1228లో మళ్ళీ సరిదిద్ది రాశారు. కుందేళ్ళ లెక్క అందులోదే. ఒక జతతో మొదలుపెడితే ఏడాదికి 377 జతలు అవుతాయి.

రెండో ఫ్రెడరిక్ చక్రవర్తి కొలువులోని పండితుడు ఇచ్చిన కష్టమైన లెక్కలు కూడా ఈయన చేసి చూపించారు. 1240లో పీసా పట్నం ఈయనకి ఏడాదికి ఇంత అని జీతం ఏర్పాటు చేసింది.

ఆయన పోయాక 1299లో ఫ్లోరెన్స్ పట్నంలో డబ్బు మార్చే వర్తకుల సంఘం, ఖాతాల్లో ఈ అంకెలు వాడకూడదని, మొత్తాలు అక్షరాల్లోనే రాయాలని కట్టడి చేసింది. 0కి చిన్న తోక పెడితే 6 గానీ 9 గానీ అయిపోతుంది. చివర ఒక్క సున్న తగిలిస్తే అప్పు పది రెట్లు. కానీ ఆ కట్టడి నిలవలేదు. ఇటలీ పట్నాల్లో వర్తకుల పిల్లలకి ఈ లెక్కలు నేర్పే బడులే వెలిశాయి. అలాగని ఆ భయం వట్టిది అనలేం. బ్యాంకు ఫారంలో 500 అని వేశాక, కింద అయిదు వందల రూపాయలు మాత్రమే అని అక్షరాల్లో కూడా రాయమంటారు.