ఫుట్‌బాల్ గురువు రహీం సాహెబ్

మా కళాశాల జట్టు నెర్రెలు విచ్చిన సీమ నేలపై సాధన చేయుట చూచినప్పుడెల్లా మాకు సయ్యద్ అబ్దుల్ రహీం గారు స్మృతికి వత్తురు.

1909లో హైదరాబాదున జన్మించిన రహీం సాహెబ్ వృత్తిచే ఉపాధ్యాయులు. విద్యార్థిగా ఉస్మానియా విశ్వవిద్యాలయ జట్టులో ఆడినారు. 1943లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు శిక్షణభారము వహించినారు. 1950 నుండి 1954 వరకు ఆ జట్టు వరుసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచినది. బలహీనమైన కాలితోనే బంతి తన్నవలెనను నియమముతో ఆయన పోటీలు జరిపించెడివారు. లోపమును దాచుట కాదు, దిద్దుటయే ఆయన పద్ధతి.

1952 హెల్సింకి ఒలింపిక్సులో పలువురు వట్టికాళ్ళతో ఆడిన మన జట్టు యుగోస్లావియా చేతిలో 10-1 గోలులతో ఓడినది. నాలుగేండ్లకే మెల్‌బోర్నులో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి, సెమీఫైనలు చేరిన తొలి ఆసియా జట్టయినది.

1962 జకార్తా ఆసియా క్రీడల నాటికి క్యాన్సరు ఆయనను కబళించుచుండెను. తొలి ఆటలో దక్షిణ కొరియాపై ఓటమి. తలకు దెబ్బ తగిలిన రక్షక ఆటగాడు జర్నైల్ సింగును రహీం సాహెబ్ ముందువరుసకు పంపినారు. సెప్టెంబరు 4న అదే కొరియాపై 2-1తో స్వర్ణము లభించినది. అందొక గోలు జర్నైల్‌దే.

1963 జూన్ 11న ఆయన కన్నుమూసినారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణము నేటివరకు మనకు మరల దక్కలేదు.

విద్యార్థి మిత్రులారా, తొలి ఆటలో ఓడినవారే తుది ఆట గెలిచినారు. ఓటమి నాడును మైదానము వీడకుందుము గాక!