రూత్ హారిసన్

రూత్ హారిసన్ (జూన్ 24, 1920 - జూన్ 13, 2000) బ్రిటిషు రచయిత్రి, జంతు సంక్షేమ ఉద్యమకారిణి. కర్మాగారాల పద్ధతిలో సాగే పశుపోషణలో జీవాల దుస్థితిని వివరిస్తూ ఈమె వ్రాసిన యానిమల్ మెషీన్స్ (జంతు యంత్రాలు) 1964లో వెలువడింది. పెంపుడు జీవాల సంక్షేమాన్ని చట్టసభలు, శాస్త్రజ్ఞులు పట్టించుకోవలసిన విషయంగా మార్చిన గ్రంథాలలో ఇది ముఖ్యమైనది.

బాల్యం, యౌవనం

ఈమె లండనులో జన్మించింది. తండ్రి స్టీఫెన్ విన్‌స్టెన్ రచయిత, తల్లి క్లేర్ చిత్రకారిణి, శిల్పి. ఇరువురూ శాకాహారులు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయుధం పట్టడానికి నిరాకరించినందుకు తండ్రి కారాగారవాసం అనుభవించాడు. ప్రఖ్యాత నాటకకర్త జార్జి బెర్నార్డ్ షాకు వీరు కొంతకాలం పొరుగువారు. క్వేకరు మతశాఖకు చెందిన రూత్ రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఫ్రెండ్స్ అంబులెన్స్ యూనిట్‌లో చేరి, యుద్ధానంతరం జర్మనీలో నిరాశ్రయులకు సేవలందించింది. తరువాత నాటకకళ అభ్యసించింది. 1954లో డెక్స్ హారిసన్ అనే వాస్తుశిల్పిని వివాహమాడింది. వీరికి ఇద్దరు పిల్లలు.

యానిమల్ మెషీన్స్

1960ల ఆరంభంలో ఈమె ఇంటికి ఒక కరపత్రం వచ్చింది. లేత దూడ మాంసం కొరకు దూడలను ఎలా పెంచుతారో అందులో ఉంది. తాను మాంసం తిననందున ఇది తనకు సంబంధించినది కాదని ఈమె మొదట భావించినా, అంతటితో ఊరుకోలేకపోయింది. పెంపక కేంద్రాలను దర్శించి, ఆ రంగపు పత్రికలను చదివి, నిపుణులకు లేఖలు వ్రాసి సమాచారం సేకరించింది.

మాంసం తెల్లగా ఉండాలని దూడలకు ఇనుము తక్కువగా ఉండే ద్రవాహారమిచ్చి, వెనుదిరగడానికి వీలులేని ఇరుకు కొట్లలో ఉంచేవారు. తీగ పంజరాల్లోని కోళ్ళకు రెక్కలు చాపే చోటు ఉండేది కాదు. ఒకదానినొకటి పొడుచుకోకుండా వాటి ముక్కు కొనలు కత్తిరించేవారు. ఈ వివరాలతో పాటు పశువులకు వాడే మందులు తినేవారికి చేసే హానిని కూడా రూత్ చర్చించింది. సైలెంట్ స్ప్రింగ్ రచయిత్రి రేచల్ కార్సన్ ముందుమాట వ్రాసింది. పుట్టు శాకాహారి అయి ఉండి కూడా రూత్ ఈ పుస్తకంలో మాంసాహారాన్ని మానమని కోరలేదు. వధకు ముందు ఆ జీవి ఎలా బ్రతికిందన్నదే ఈమె లేవనెత్తిన ప్రశ్న.

ప్రభుత్వ స్పందన

ప్రజల ఆందోళన ఫలితంగా బ్రిటిషు ప్రభుత్వం 1964లో జంతుశాస్త్రవేత్త రోజర్ బ్రాంబెల్ అధ్యక్షతన సంఘాన్ని నియమించింది. 1965 నాటి నివేదిక ప్రకారం ప్రతి జీవికీ లేచి నిలబడడానికి, పడుకోవడానికి, వెనుదిరగడానికి, ఒళ్ళు శుభ్రపరచుకోవడానికి, కాళ్ళు చాపుకోవడానికి తగిన చోటుండాలి. ఇంత కనీసమైన కోరికకు ప్రభుత్వ సంఘం అవసరమయిందంటే నాటి పరిస్థితి ఊహించవచ్చు. 1968లో చట్టం వచ్చింది. దాని క్రింద వెలువడిన నియమావళులను పాటించకపోవడం మాత్రం దానంతటదే నేరం కాదు. ప్రభుత్వ సలహా సంఘంలో సభ్యురాలైన రూత్ ఆ నియమావళులు బ్రాంబెల్ సిఫారసుల స్థాయికి చేరలేదని విమర్శించింది. అధికారులకు ఈమె మొండిగా తోచింది, తీవ్రవాద జంతుహక్కుల వాదులకు మెతకగా తోచింది. అయినా సంఘాలను వీడక, ఐరోపా స్థాయిలోనూ పనిచేసింది. 1986లో ఓ.బి.ఇ. పురస్కారం పొందింది.

దూడల ఇరుకు కొట్లు బ్రిటనులో 1990లో నిషిద్ధమయ్యాయి. కోళ్ళ పాత తరహా పంజరాలను ఐరోపా సమాఖ్య 1999లో చేసిన శాసనం 2012 జనవరి 1 నుండి నిషేధించింది. అప్పటికి రూత్ కాన్సరుతో మరణించి పదకొండేళ్ళు దాటింది. ఈమె పుస్తకం 2013లో పునర్ముద్రణ పొందింది.

భారతదేశంలో

బ్రాంబెల్ నివేదికలోని భావన 1979లో బ్రిటనులో ఐదు స్వేచ్ఛలుగా రూపొందింది. ఆకలిదప్పుల నుండి, అసౌకర్యం నుండి, నొప్పి-గాయం-వ్యాధుల నుండి, భయం నుండి విముక్తి, సహజంగా ప్రవర్తించే వీలు అనేవి ఇవి. జల్లికట్టు వ్యాజ్యంలో 2014 మే 7న తీర్పునిస్తూ భారత సుప్రీంకోర్టు వీటిని పేర్కొన్నది. గుడ్లకోళ్ళ పంజరాల సమస్యపై లా కమిషన్ 2017లో 269వ నివేదికను, ముసాయిదా నియమాలను సమర్పించింది. కోడిగుడ్ల ఉత్పత్తిలో ముందువరుసనున్న ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలకు ఈ విషయం దగ్గరి సంబంధం కలది.