గులాం అహ్మద్ గారి 555 బంతులు

1922లో మన హైదరాబాద్‌లో పుట్టిన గులాం అహ్మద్ గారు పేరుమోసిన ఆఫ్‌స్పిన్నర్. 22 టెస్టుల్లో 68 వికెట్లు తీశారు, భారత జట్టుకు కెప్టెన్ కూడా అయ్యారు. 1950-51 రంజీలో హోల్కర్ జట్టుపై ఒకే ఇన్నింగ్స్‌లో 92.3 ఓవర్లు వేశారు. 555 బంతులు! 1998లో కన్నుమూశారు.

ఆ లెక్క చదివి బయ్యారంలో మేమూ ఆదివారమంతా బంతి విసిరేవాళ్ళం. కానీ అప్పటికాయనకు 28 ఏళ్ళు, ఎముకలు ముదిరిన వయసు. పైగా బౌలింగ్‌లో చేయి నిటారుగా తిరుగుతుంది; బౌండరీ నుంచి విసిరితే బరువంతా వంగిన మోచేతి మీదే. పద్నాలుగేళ్ళకు అక్కడ ఎముక పెరిగే చోటు ఇంకా లేతగా ఉంటుంది. అమెరికాలో ఆ వయసు బేస్‌బాల్ పిచ్చర్లకు రోజుకు 95 బంతులే హద్దు, 66 చేరితే నాలుగు రోజులు విశ్రాంతి. మాలో లెక్కపెట్టిందెవరు? మోచేయి సలిపితే బామ్ రాసుకుని మళ్ళీ దిగేవాళ్ళం. మాలో ఒకడికి ఇప్పటికీ కుడిచేయి పూర్తిగా చాచడానికి రాదు.