హేరియట్ టబ్మన్: దెబ్బతిన్న తలతో దేవుని పని చేసిన స్త్రీ

ధ్యానభాగము: మార్కు 9:14–29, మత్తయి 4:23–25



మూర్ఛవచ్చు కుమారుని ఒక తండ్రి యేసుప్రభువునొద్దకు తెచ్చిన సంగతి మార్కు సువార్త 9వ అధ్యాయములో నున్నది. ప్రభువు ఆ పిల్లవానిని చూచి ఏవగించుకొనలేదు. ఇది ఎంతకాలమునుండి వచ్చుచున్నదో తండ్రిని విచారించి తెలిసికొని, కడపట పిల్లవాని చెయ్యిపట్టి లేవనెత్తెను. ఆ పిల్లవానికి దురాత్మ పట్టినదని సువార్త చెప్పుచున్నది నిజమే. అయితే మత్తయి సువార్త 4వ అధ్యాయము 24వ వచనము చూడుడి. అక్కడ దయ్యములు పట్టినవారిని ఒక తెగగాను, మూర్ఛరోగులను వేరొక తెగగాను సువార్తికుడు లెక్కించెను. కాబట్టి మూర్ఛ వచ్చిన ప్రతివానికిని దయ్యము పట్టినదనుట లేఖనానుసారమైన మాట కాదు. తలకు తగిలిన దెబ్బవలన మూర్ఛరోగి యై, యావజ్జీవము ఆ బాధను మోయుచునే దేవుని పని చేసిన ఒక స్త్రీ చరిత్రను ఈ నెల ధ్యానింతము.

ఆమె పేరు హేరియట్ టబ్మన్. అమెరికాలోని మేరీలాండు రాష్ట్రమున సుమారు 1822లో బానిస తలిదండ్రులకు పుట్టెను. చిన్ననాటి పేరు అరమింటా. ఆ దినములలో అక్కడ నల్లజాతివారిని పశువులవలె కొనుచు అమ్ముచు నుండిరి. ఆమె అక్కలలో కొందరిని దూరదేశమునకు అమ్మివేసిరి. ఆమెకు చదువు లేదు. తల్లి చెప్పిన బైబిలు కథలే ఆమె బడి. ఇశ్రాయేలీయులను ఐగుప్తు దాస్యమునుండి దేవుడు విడిపించిన వృత్తాంతము ఆమె హృదయములో నాటుకొనెను.

యౌవనారంభమున ఒక దినమున ఆమె బక్‌టౌన్ అను ఊరి అంగడికి వెళ్లెను. సెలవు లేకుండ పొలము విడిచివచ్చిన ఒక బానిసను మేస్త్రీ తరుముకొని వచ్చెను. వానిని కట్టుటకు సహాయము చేయుమని ఆమెతో చెప్పగా ఆమె ఒప్పుకొనలేదు. పారిపోవుచున్నవానిమీదికి మేస్త్రీ రెండు పౌనుల తూకపు రాయి విసరెను. అది గురితప్పి ఈ బాలిక తలకు తగిలి పుఱ్ఱె పగిలెను. రక్తము కారుచున్న ఆమెను మోసికొనిపోయి మగ్గపు పలకమీద పరుండబెట్టిరి. వైద్యుని పిలువలేదు. కొద్ది దినములకే మరల పొలములోనికి తోలిరి. నాటినుండి మరణమువరకు తలనొప్పి ఆమెను విడువలేదు. హఠాత్తుగా స్పృహ తప్పును, లేదా మాటల నడుమనే నిద్రవంటి స్థితిలో మునిగిపోవును. కొంతసేపటికి తేరుకొని విడిచిన మాటనుండియే మొదలుపెట్టును. అది తలగాయమువలన వచ్చిన మూర్ఛరోగమై యుండునని నేటి చరిత్రకారులును వైద్యులును తలంచుచున్నారు.

తలదెబ్బకు మూర్ఛ ఎట్లు వచ్చును? మన మెదడులోని నరకణములు సన్నని విద్యుత్తు సంకేతములతో ఒకదానితోనొకటి మాటలాడును. దెబ్బ తగిలినప్పుడు కొన్ని కణములు చచ్చును, కొన్నిచోట్ల రక్తము కారి గడ్డకట్టును. మానిన గాయము చర్మముమీద మచ్చ విడిచినట్లు మెదడులోను మచ్చ విడుచును. ఆ మచ్చచుట్టునున్న కణములు అదుపుతప్పి, అన్నియు ఒక్కసారిగా సంకేతములు పంపినయెడల అదియే మూర్ఛ. కాలుచేతులు కొట్టుకొనుట మాత్రమే మూర్ఛ కాదు. కొందరు క్షణకాలము శూన్యముగా చూతురు, కొందరు పెదవులు చప్పరింతురు, కొందరు లేని వాసనలు పీల్తురు, లేని రూపములు చూతురు.

దెబ్బ తగిలిన వారములోపల వచ్చు మూర్ఛ వేరు, వారము గడచిన తరువాత వచ్చు మూర్ఛ వేరు. ఈ రెండవదే నిలిచిపోవు రోగముగా మారుట కలదు. అది నెలల తరువాత రావచ్చును, ఏండ్ల తరువాతను రావచ్చును. అమెరికాలో 4,000 మందికి పైగా తలగాయములవారిని పరిశీలించిన వైద్యులు తెలిసికొన్నదేమనగా, 30 ఏండ్లలో ఈ రోగము స్వల్పగాయమైనవారిలో నూటికి ఇద్దరికి, మధ్యమగాయమైనవారిలో నలుగురికి, తీవ్రగాయమైనవారిలో పదునేడుగురికి వచ్చెను. గాయమైనవెంటనే ఇచ్చు మందు మొదటి వారములో వచ్చు మూర్ఛను తగ్గించునే గాని తరువాత రాబోవు రోగమును ఆపజాలదు. కావున ఇంటికి వచ్చినవానిని చాలకాలము కనిపెట్టి యుండవలెను.

మరల హేరియట్ చరిత్రకు వత్తము. 1844లో ఆమెకు వివాహమాయెను. 1849లో తన్ను అమ్మివేయుదురని తెలిసి, రాత్రివేళ ధ్రువనక్షత్రమును గురుతుగా పెట్టుకొని కాలినడకన ఫిలడెల్ఫియా చేరి స్వతంత్రురాలాయెను. ఆమె ప్రాణము దక్కెను గదా, అక్కడ కూర్చుండిపోలేదు. సుమారు పదునొకండు సంవత్సరములలో ఇంచుమించు 13 మారులు మేరీలాండునకు తిరిగివెళ్లి, సుమారు 70 మందిని దాస్యమునుండి తోడుకొనివచ్చెను. 1850 నాటి చట్టము పారిపోయిన బానిసలను పట్టి ఒప్పగింపవలెనని శాసించినందున, వారిని కెనడావరకు నడిపించెను. మన ఉత్తర సర్కారులకు బాప్తిస్టు మిషనరీలను పంపిన కెనడా దేశమే అది. 1857లో ముసలివారైన తన తలిదండ్రులను కూడ తెచ్చుకొనెను.

ఈ ప్రయాణములలోను ఆమెకు స్పృహ తప్పుచుండెను. వేటకుక్కలు వెనుక వచ్చుచుండగా అడవిలో ఆమె పడిపోయినప్పుడు, వెంటనున్నవారు ఆమె తేరుకొనువరకు చుట్టు కాచుకొని యుండిరి. ఆమెను విడిచి పారిపోలేదు. ఆమెయు వారిలో ఒక్కరినైనను పోగొట్టుకొనలేదు. ఆ స్థితిలో కనబడిన దర్శనములు దేవుని నడిపింపని ఆమె నమ్మెను. అవి రోగలక్షణములని వైద్యులందురు. ఈ విషయమై మనము తగవులాడనక్కరలేదు. ఆ స్త్రీ తనకు కలిగిన బలమును బంధింపబడినవారి విడుదలకై వెచ్చించెనని మాత్రము ఎరుగుదుము. పౌలు శరీరములోని ముల్లు తొలగిపోలేదు. ఆయన సేవయు ఆగలేదు.

అమెరికా అంతర్యుద్ధములో ఆమె నర్సుగాను వేగులదానిగాను పనిచేసెను. 1863 జూన్ 2న కంబాహీ నదిమీద సేనను నడిపించుటలో తోడ్పడగా 700 మందికి పైగా బానిసలు విడుదల పొందిరి. తరువాత న్యూయార్కు రాష్ట్రములోని ఆబర్న్‌లో కాపురముండి, దిక్కులేని వృద్ధులను చేరదీసెను. 1890ల చివర తలబాధ ఓర్వలేక బోస్టనులోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో తలకు శస్త్రచికిత్స చేయించుకొనెను. ప్రార్థనాపరురాలైన ఆమె వైద్యుని చేతిని త్రోసివేయలేదని గమనింపుడి. 1913 మార్చి 10న, తాను స్థాపించిన వృద్ధాశ్రమములోనే ప్రభువునందు నిద్రించెను.

ప్రియులారా, ఈ చరిత్ర మనల నొక ప్రశ్న అడుగుచున్నది. రామతీర్థము, నెల్లిమర్ల పరిసరములలో తాటిచెట్టుమీదనుండి పడినవారును, మోటారు సైకిలు ప్రమాదములో తల పగిలినవారును లేరా? ఏడాది తరువాత వారికి ఫిట్లు వచ్చినప్పుడు గాలి సోకినదని భూతవైద్యునియొద్దకు ఈడ్చుచున్నాము. ఆడపిల్లయైతే పెండ్లి కాదని గదిలో దాచుచున్నాము. బల్లారాధనయొద్ద ఆమె ప్రక్కన కూర్చుండుటకు వెనుదీయుచున్నాము. ఈ రోగము అంటువ్యాధి కాదు, పాపఫలము కాదు.

మూర్ఛ వచ్చినవాని చేతిలో తాళపుచెవులు, ఇనుము పెట్టకుడి. నోటిలో నీరు గాని చెంచా గాని పెట్టకుడి, గట్టిగా అదిమిపట్టకుడి. తలక్రింద మెత్తని గుడ్డ పెట్టి, ప్రక్కకు తిప్పి పరుండబెట్టుడి. ఐదు నిమిషములు దాటినను, తేరుకొనకుండ మరల వచ్చినను 108కి ఫోను చేయుడి. విశాఖపట్టణము కింగ్ జార్జి ఆసుపత్రివంటి పెద్దాసుపత్రిలో నరముల వైద్యునికి చూపి, పూర్వము తలకు దెబ్బ తగిలిన సంగతి తప్పక చెప్పుడి. సరిగా మందులు వాడినయెడల నూటికి 70 మంది వరకు మూర్ఛలు లేకుండ బ్రదుకగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలుపుచున్నది. ప్రార్థన చేయుచున్నామని మాత్రలు మానకుడి. మాత్రలు మ్రింగుచు ప్రార్థించుడి. బండి ఎక్కువారు తలకు హెల్మెట్టు పెట్టుకొనుడి.

అడవిలో హేరియట్ చుట్టు కాచుకొని యున్నవారిని తలంచుడి. మన సంఘములో ఒకడు పడిపోయినప్పుడు, తేరుకొనువరకు అతని యొద్ద నిలిచియుండు కృప ప్రభువు మనకనుగ్రహించును గాక. ఆమేన్.