సముద్రపు పైరును లెక్కించిన శాస్త్రవేత్త

వరదకాలంలో పులసచేపలు సముద్రం నుండి గోదావరికి ఎదురీదుతూ వస్తాయి. మురమళ్ళ మొదలైన కోనసీమ గ్రామాలలో వాటికున్న ఆదరణ అందరూ ఎరిగినదే. ఆ చేపకు ప్రధానాహారం నీటితోపాటు తేలియాడే సూక్ష్మజీవరాశి. దానికి 1887లో ప్లాంక్టన్ అని నామకరణం చేసిన జర్మన్ శాస్త్రవేత్త విక్టర్ హెన్సెన్. వాటినే మనం ప్లవకాలంటున్నాము.

హెన్సెన్ 1835 ఫిబ్రవరి 10న ష్లెస్విగ్ పట్టణంలో జన్మించాడు. వైద్యవిద్య నభ్యసించి, కీల్ విశ్వవిద్యాలయంలో శరీరధర్మశాస్త్ర ఆచార్యుడయ్యాడు. 1867లో ప్రష్యా శాసనసభకు ఎన్నికై, మత్స్యసంపదపై శాస్త్రీయ పరిశోధన అవసరమని వాదించాడు. ఫలితంగా 1870లో కీల్‌లో సముద్ర పరిశోధన సంఘం ఏర్పడింది.

పచ్చిక ఎంతో తెలియనిదే పశువులెన్ని బ్రతుకుతాయో చెప్పలేము. సముద్రానికీ ఈ న్యాయమే వర్తిస్తుందని హెన్సెన్ గ్రహించాడు. పిండిమరలలో వాడే సన్నని పట్టుగుడ్డతో వల చేయించి, నిర్ణీతమైన లోతు నుండి నిలువుగా పైకి లాగించాడు. వడకట్టిన నీరెంతో తెలుసు గనుక, చిక్కిన జీవులను సూక్ష్మదర్శిని క్రింద లెక్కిస్తే సముద్రపు పంట అంచనాకు వస్తుంది.

1889లో ఆయన నాయకత్వాన నేషనల్ అనే నౌక జూలై నుండి నవంబరు వరకు అట్లాంటిక్‌లో పర్యటించింది. వెచ్చని ఉష్ణమండల జలాలకంటె చల్లని ఉత్తరజలాలలోనే ప్లవకాలు అధికమని తేలింది. ఈ విపరీత ఫలితాన్ని పలువురు నమ్మలేదు. 1890లో ప్రసిద్ధ జీవశాస్త్రవేత్త హేకెల్, ఈ లెక్కింపు వ్యర్థమని తీవ్రంగా ఖండించాడు. హెన్సెన్ చలించక లెక్కింపు కొనసాగించాడు. అతిసూక్ష్మజీవులు ఆ వల కన్నులలో నుండి జారిపోతున్నాయని తరువాత కీల్‌లోనే లోమన్ నిరూపించాడు. లెక్క సవరణ పొందింది గాని, లెక్కించాలన్న సూత్రం నిలిచింది. హెన్సెన్ 1924 ఏప్రిల్ 5న కన్నుమూశాడు.

వృక్షప్లవకాలు సూర్యరశ్మితో కార్బన్ డై ఆక్సైడును ఆహారంగా మారుస్తాయి. భూగోళం మీది కిరణజన్య సంయోగక్రియలో సుమారు సగం వాటిదే. ఆ కార్బన్ జంతుప్లవకాలకు, వాటినుండి చేపలకు చేరుతుంది. ఒక్కొక్క మెట్టులో సుమారు పదవవంతే పైకి అందుతుంది. మిగిలినదానిలో అధికభాగం శ్వాసక్రియలో తిరిగి నీటిలో కలుస్తుంది, కొంత అగాధానికి దిగిపోతుంది. 1952లో డెన్మార్క్ శాస్త్రవేత్త స్టీమన్ నీల్సన్ రేడియోధార్మిక కార్బన్‌తో ఈ ఉత్పత్తిని కొలిచే పద్ధతిని ప్రకటించాడు. నేడు కంప్యూటర్లపై రచించే గణిత నమూనాలు ఈ ప్రవాహాన్నే సమీకరణాలలో బంధిస్తున్నాయి. వేడెక్కుతున్న సముద్రాలలో రేపటి చేపలెన్నో అంచనా వేయాలన్నా ముందుగా అడగవలసినది హెన్సెన్ వేసిన ప్రశ్ననే: అడుగుమెట్టులో పంట ఎంత?