అన్నా సారా కుగ్లర్

అన్నా సారా కుగ్లర్ (ఏప్రిల్ 19, 1856 - జూలై 26, 1930) గుంటూరులో స్త్రీలకు, పిల్లలకు ఆసుపత్రిని నెలకొల్పి, స్థానిక యువతులకు నర్సు శిక్షణ అందేలా చేసిన అమెరికన్ వైద్యురాలు. అమెరికాలోని లూథరన్ జనరల్ సినడ్ తరఫున వచ్చిన మొదటి వైద్య మిషనరీ ఈమె. గుంటూరులో నేటికీ కుగ్లర్ ఆసుపత్రి అని పిలిచే సంస్థ ఈమె పేరు మీదనే ఉన్నది.

బాల్యము, విద్య

అన్నా కుగ్లర్ అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం, ఆర్డ్‌మోర్‌లో జన్మించింది. 1879లో పెన్సిల్వేనియా మహిళా వైద్య కళాశాల నుండి పట్టా పొంది, తరువాత నారిస్‌టౌన్ మానసిక వైద్యశాలలో స్త్రీల విభాగంలో పనిచేసింది. గుంటూరు మిషన్‌లో ఉన్న రెవరెండ్ ఆడం రో రాసిన లేఖ ద్వారా ఇక్కడి స్త్రీలకు వైద్యం అందని సంగతి తెలుసుకుని, భారతదేశం రావడానికి నిశ్చయించుకుంది.

గుంటూరు రాక

మిషన్ మహిళా సంఘం అప్పటికి వైద్యసేవకు సిద్ధంగా లేదు. అందువల్ల ఆమెను వైద్యురాలిగా కాక, ఘోషా స్త్రీలకు చదువు చెప్పే ఉపాధ్యాయినిగా నియమించారు. ఆమె ఆ షరతుకు ఒప్పుకుంది, కాని మందులు, పరికరాలు వెంట తెచ్చుకుంది. 1883 నవంబరులో గుంటూరు చేరింది. అప్పటికి గుంటూరు ప్రత్యేక జిల్లా కాదు. 1859 నుండి 1904 వరకు అది మచిలీపట్నం కేంద్రంగా ఉన్న కృష్ణా జిల్లాలో భాగం.

పరపురుషుడైన వైద్యుని ఎదుటకు రాలేక, కాన్పు కష్టమై, వ్రణం ముదిరి మరణించే స్త్రీలు ఆనాడు అనేకులు. కుగ్లర్‌ను సైతం మైలగా భావించి దూరంగా ఉంచిన ఇళ్ళు ఉండేవి. అయినప్పటికీ బడి పని చూస్తూనే మొదటి సంవత్సరంలో 185 మందికి వారి ఇళ్ళలోను, 276 మందికి తన నివాసంలోను చికిత్స చేసింది. 1885 డిసెంబరులో గాని ఆమెకు వైద్య మిషనరీగా అధికారిక నియామకం లభించలేదు.

ఆసుపత్రి స్థాపన

స్వదేశానికి వెళ్ళినపుడు విరాళాలు సేకరించి, తిరిగి వచ్చాక మొదట డిస్పెన్సరీని, 1898లో ఆసుపత్రిని ప్రారంభించింది. ఏలూరు జమీందారు, కవి మంత్రిప్రగడ భుజంగరావు తన కుటుంబానికి అందిన చికిత్సకు కృతజ్ఞతగా, రోగుల బంధువులు ఉండటానికి ఆసుపత్రి ఎదుట వసతి గృహం కట్టించాడు. బంధువులు ఆచారం చెడకుండా వండుకొని తినే వీలుంటే తప్ప రోగిని ఆసుపత్రిలో చేర్చడానికి ఇష్టపడని ఆ రోజులలో ఇది పెద్ద సహాయం.

నర్సుల శిక్షణ

ఒక్క వైద్యురాలితో ఆసుపత్రి నడవదు. శస్త్రచికిత్స చేయడం ఒక ఎత్తు, ఆ తరువాత రాత్రంతా రోగిని కనిపెట్టి ఉండటం మరొక ఎత్తు. 1890ల మధ్యలో డాక్టర్ మేరీ బేర్, నర్సు కాథరిన్ ఫాస్ అమెరికా నుండి వచ్చి చేరిన తరువాత శిక్షణకు వీలు కలిగింది. నెత్తురు, పుండు, పురిటి మైల ముట్టుకోవలసిన పని కావడంతో అగ్రవర్ణాల వారు ఈ వృత్తికి రాలేదు. తొలి తరం నర్సులు ఎక్కువగా క్రైస్తవ యువతులే. గాయాన్ని శుభ్రపరచి కట్టు కట్టడం, పరికరాలను మరిగించడం, నాడిని, జ్వరాన్ని చూసి నమోదు చేయడం, పరిస్థితి విషమిస్తున్నదని ముందుగా గుర్తించి వైద్యురాలికి కబురు చేయడం ఆనాటి నర్సు విద్యలో ముఖ్యాంశాలు. అక్షరాస్యులైన స్త్రీలే అరుదుగా ఉన్న కాలంలో వీరికి ఇది జీతంతో కూడిన గౌరవప్రదమైన వృత్తి అయినది.

చివరి దశ

బ్రిటిషు ప్రభుత్వం 1905లో ఈమెకు కైజర్-ఎ-హింద్ పతకాన్ని ప్రదానం చేసింది. 1928లో గుంటూరు మిషన్ ఆసుపత్రి చరిత్రను ఆంగ్లంలో పుస్తకంగా రచించింది. సుమారు 47 సంవత్సరాల సేవ అనంతరం 1930 జూలై 26న గుంటూరులోనే మరణించింది. ఆమె మరణానంతరం ఆసుపత్రికి ఆమె పేరు పెట్టారు.