రాజును బల్లయొద్దకు రానీయని బిషప్పు

సంస్కారములు గుడి లోపలి సంగతులు, రాజకీయములు బయటి సంగతులు అని మనలో అనేకుల తలంపు. నాలుగవ శతాబ్దపు మిలాను బిషప్పు ఆంబ్రోసు జీవితము ఈ తలంపునకు లొంగదు.

ఆయన 339 ప్రాంతమున ట్రియర్ పట్టణములో రోమా ఉన్నతాధికారి కుమారుడుగా జన్మించెను. న్యాయవాదియై, పిమ్మట మిలాను కేంద్రముగాగల రాష్ట్రమునకు గవర్నరాయెను. 374లో అచ్చటి బిషప్పు మరణించగా, తరువాత ఎవరన్న విషయమై రెండు పక్షములవారు గుడిలో తగవులాడుచుండిరి. శాంతింపజేయ వెళ్లిన గవర్నరునే జనులు బిషప్పుగా కోరుకొనిరి! అప్పటికాయనకు బాప్తిస్మమైనను కాలేదు. తప్పించుకొనజూచెను గాని సాగలేదు. బాప్తిస్మము, అభిషేకము కొద్ది దినముల వ్యవధిలోనే జరిగెను. 387 ఈస్టరు పండుగలో అగస్టీనుకు బాప్తిస్మమిచ్చినది ఈయనే.

390లో థెస్సలొనీకలో, అనగా పౌలు రెండు పత్రికలు వ్రాసిన సంఘముండిన పట్టణములోనే, జనులకు ప్రియుడైన పందెపు రథసారథిని సేనాధిపతి బొతెరిక్ చెరలో వేయించగా, అల్లరిమూక సేనాధిపతిని చంపెను. థియొడోసియస్ చక్రవర్తి కోపావేశమున ప్రతీకారమునకు ఆజ్ఞ ఇచ్చెను. మనసు మార్చుకొని మరియొక ఆజ్ఞ పంపెను గాని అది సమయమునకు చేరలేదు. సైనికులు దోషి, నిర్దోషి అను భేదము లేక నరికిరి. హతులు ఏడు వేలమందియని పిమ్మటి చరిత్రకారుడు థియొడొరేటు వ్రాసెను. పదేండ్ల క్రితము చక్రవర్తి జబ్బుపడి బాప్తిస్మము పొందినది ఈ పట్టణములోనే.

ఆంబ్రోసు రాజు కంటబడక మిలాను విడిచి వెళ్లి, స్వహస్తముతో ఉత్తరము వ్రాసెను. పశ్చాత్తాపపడనిదే రాజు సముఖమున తాను ప్రభు భోజనము ఆచరింపజాలనని దాని సారాంశము. గుడి ద్వారమున రాజును అడ్డగించినట్లు చిత్రకారులు వేసిన పటములు ఇంపుగానున్నవి గాని, అది తరువాత పుట్టిన కథయని చరిత్రకారుల అభిప్రాయము. ఏకాంతముగా వ్రాసిన ఆ ఉత్తరమే నాకు ఎక్కువ ఘనముగా తోచుచున్నది. రాజు మారుటకు అందులో చోటున్నది. థియొడోసియస్ లోబడెను. రాజచిహ్నములు తీసివేసి, గుడిలో అందరియెదుట ఏడ్చి, ఆ క్రిస్మసునాడు మరల బల్లయొద్ద చేర్చుకొనబడెను.

అయితే మరొకటి చెప్పక తప్పదు. అంతకు రెండేండ్ల ముందు కల్లినికము పట్టణమున క్రైస్తవులు యూదుల సమాజమందిరమును తగులబెట్టిరి. బిషప్పు ఖర్చుతో దానిని తిరిగి కట్టవలెనని రాజు తీర్పిచ్చెను. న్యాయమైన తీర్పే! కాని ఆంబ్రోసు, ఆ తీర్పు రద్దుచేయుదునని రాజు మాట ఇచ్చువరకు బల్లయొద్దకు వెళ్లనని గుడిలోనే పట్టుబట్టి గెలిచెను. యూదులకు జరిగిన ఆ అన్యాయము ఆయన పేరు మీద మచ్చగానే నిలిచియున్నది.

395లో థియొడోసియస్ మిలానులోనే మరణించగా, సమాధి ఆరాధనలో ప్రసంగించినది ఆంబ్రోసే. 397 ఏప్రిల్ 4న ఈయనయు కన్నుమూసెను. ఆయన దేహము నేటికిని మిలానులో ఆయన పేరుగల దేవాలయమందున్నది.